పైవారు నోరు జారితే మాట పడేది ఎవరు?

మైత్రి
మా సంస్థ అధిపతి ఒక సభలో, ఇంగ్లిషు ధారాళంగా రాని పల్లెటూరి పిల్లలను చులకన చేసి మాట్లాడారు. తెల్లారేసరికి ఆ వీడియో అందరి ఫోన్లలో ఉంది. నాది నియామకాల విభాగం. మరునాడు ఒక అబ్బాయికి ఇంటర్వ్యూ తేదీ చెబుదామని ఫోను చేస్తే, "మాది పల్లెటూరేనండి, రమ్మంటారా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. మీలో ఎవరైనా ఇలాంటిది ఎదుర్కొన్నారా?

రమణమూర్తి
ఎదుర్కొన్నానమ్మా. నేను బట్టల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ చూసేవాణ్ణి. మా యజమాని బేరమాడే ఆడవాళ్లను వెక్కిరిస్తూ పత్రికతో ఏదో అన్నారు. ఒకావిడ ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచి, "చదువు నాయనా, పైకి చదువు" అన్నారు. చదివాను. వెనక వరుసలో పదిమంది వింటున్నారు. ఆవిడ చీర అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. నెలాఖరుకు అమ్మకాలు తగ్గాయని మమ్మల్నే నిలదీశారు.

గౌతమి తీరం
పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. 1991లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో నగల వ్యాపారి జెరాల్డ్ రాట్నర్ తన దుకాణంలో అమ్మే సరుకునే చెత్త అన్నారు. సంస్థ విలువ దాదాపు 50 కోట్ల పౌండ్లు పడిపోయిందంటారు. మరుసటి ఏడాది ఆయన తప్పుకున్నారు, ఆ తర్వాత సంస్థ పేరే మార్చుకున్నారు. నాకైతే ఆ మర్నాడు కౌంటర్ వెనక నిలబడి అవే నగలు అమ్మిన అమ్మాయిలే గుర్తొస్తారు.

సుజాత
దిద్దుకున్నవారూ ఉన్నారు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 అక్టోబరులో మహిళా సాంకేతిక నిపుణుల సభలో, జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకోవడమే మంచిదన్నట్లు మాట్లాడారు. ఎదురుగా కూర్చున్న మరియా క్లావే ఆ వేదిక మీదే కాదన్నారు. ఆమె అప్పట్లో మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు కూడా. అదే రోజు ఆయన తన జవాబు పూర్తిగా తప్పని ఉద్యోగులకు లేఖ రాశారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి వారానికి 90 గంటల పని గురించి, ఇంట్లో భార్య ముఖం ఎంతసేపు చూస్తారంటూ అన్న మాటలు బయటికొచ్చినప్పుడు సంస్థ ఆయననే సమర్థించింది. మైత్రి గారూ, మీ అధిపతి మీకు ఏమైనా రాశారా?

మైత్రి
లేదండి. "దాని గురించి ఎవరూ మాట్లాడవద్దు" అని మాత్రం వచ్చింది. ఆ అబ్బాయికి నేనే మళ్లీ ఫోను చేసి, "తప్పకుండా రండి, గదిలో నేనుంటాను" అని చెప్పాను. గురువారం వస్తానన్నాడు.