నాయినకు ఊపిరితిత్తి బయాప్సీ, ఏఐ ఉన్న సీటీ మెషిన్ కోసం ఆగాలా?

మిర్యాలగూడ_మిల్లు:
మా నాయినకు 64 ఏళ్లు, ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో హమాలీ పని చేశాడు, బీడీ అలవాటు ఉండేది. కుడి ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందని, సీటీలో చూసుకుంటూ సూదితో ముక్క తీయాలని హైదరాబాద్ డాక్టర్ చెప్పారు. ఇప్పటికే రెండు సీటీలు అయ్యాయి. మా బావ ఒకటే టెన్షన్, ఏఐ మెషిన్ ఉన్న చోటికే పోదాం, అందులో రేడియేషనే ఉండదట అంటున్నాడు. నిజమేనా? దానికోసం బయాప్సీ ఆపొచ్చా?

సీటీ_రూమ్_నల్గొండ:
రేడియేషన్ ఉండదన్నది తప్పు తమ్ముడూ. నేను సీటీ టెక్నీషియన్‌ని. బయాప్సీ ఒక్క స్కాన్‌తో అయిపోదు, సూది కొంచెం దించాలి, స్కాన్ తీసి చూడాలి, మళ్లీ దించాలి, రేడియేషన్ డోస్ పెరిగేది అక్కడే. పోనీ డోస్ తగ్గిద్దామంటే ఇమేజ్ మీద ఇసుక చల్లినట్టు వస్తుంది. ఆ ఇసుకను తుడవడమే ఏఐ పని, అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు 2019లోనే అనుమతి ఇచ్చింది. కానీ డోస్ దించాల్సింది మాత్రం మేమే. ఏఐ పెట్టుకుని కూడా పాత సెట్టింగ్‌తోనే తీస్తే ఇమేజ్ అందంగా వస్తుంది, రేడియేషన్ మాత్రం అంతే (ఇది మాలో చాలామంది ఒప్పుకోరు). అసలు ఏఐ లేకున్నా గడ్డ ఉన్న కొంత మేరకే, తక్కువ డోస్‌తో స్కాన్ చేయొచ్చు. గడ్డ సంగతి పాత సీటీలో చూశారు కదా, ఇప్పుడు సూది మొన ఎక్కడుందో తెలిస్తే చాలు, లోహం కాబట్టి మసకలో కూడా తెల్లగా కనబడుతుంది. "లో డోస్‌లో చేస్తారా సార్" అని అడగండి, అంతే.

పాలమూరు_అక్క:
మా అమ్మకు పోయినేడు చేశారు. మేమూ రేడియేషన్ అనే భయపడ్డాం, తీరా చూస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. కొంచెమే, గాలి తీసే గొట్టం వేయలేదు, రాత్రి ఉంచుకుని ఎక్స్‌రే తీసి పంపారు. ఇది చాలామందికి అవుతుందట. అదే రోజు బస్సెక్కించకండి. రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ముందే చెప్పండి, మేము మర్చిపోతే తేదీ మార్చారు.

మిర్యాలగూడ_మిల్లు:
థ్యాంక్స్ అక్కా. అన్నా, పాత రిపోర్టులో డీఎల్‌పీ 380 అని ఉంది, ఎక్కువా?

సీటీ_రూమ్_నల్గొండ:
డీఎల్‌పీ అంటే ఆ స్కాన్ మొత్తానికి వాడిన రేడియేషన్ లెక్క. ఛాతీకైతే దాన్ని 0.014తో గుణించు, ఒంటికి తగిలిన డోస్ సుమారు 5 మిల్లీసీవర్ట్‌లు. నేల నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఊరికే తగిలేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే రెండేళ్లది ఒక్కసారి తగిలినట్టు. ఆయన వయసుకు దానికంటే ఆ గడ్డ ఏందో తెలియకుండా నెలలు గడపడమే ప్రమాదం. మెషిన్ కోసం ఆపకు.

మిర్యాలగూడ_మిల్లు:
సరే అన్నా. గుండె డాక్టర్ ఇచ్చిన ఆస్ప్రిన్ రోజూ వేసుకుంటాడు, రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఆ సంగతి అడుగుతా.