సమస్యాపూరణం: రాజు నేడ్పించువాడె పో రక్షకుండు

తాటాకు (నిర్వహణ)
అందరికీ నమస్కారం. పోయిన వారం దత్తపది (ఇచ్చిన మాటలు వాడి పద్యం రాయడం) చాలామందికి మింగుడుపడలేదు కాబట్టి ఈసారి తేలిగ్గానే ఇస్తున్నా. విషయం జోకరు, అంటే విదూషకుడు, కేతిగాడు, సర్కస్ బఫూన్, కామిక్స్‌లో విలన్, పేకలో ముక్క, ఎవరైనా సరే. సమస్య, అంటే మీరు మూడు పాదాలు రాసి అర్థం కుదిర్చి పూరించాల్సిన చివరి పాదం, ఇది:

*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణం అంటే గురువులు, లఘువులు, అంటే పొడుగు పొట్టి అక్షరాల గుంపు), యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సింది, నాలుగో గణం మొదటి అక్షరం, దానికి బదులు ప్రాసయతి (రెండో అక్షరాలు కలపడం) వేసుకున్నా ఒప్పుకుంటా. రెండు షరతులు. తెనాలి రామకృష్ణుడు, రాయలవారు వద్దు, వాళ్ళని రానిస్తే సగం పూరణలు అవే వస్తాయి. రెండోది, మొహానికి రంగు లోపల కన్నీరు అనే సరుకు దయచేసి తగ్గించండి, సమస్యలో ఏడవాల్సింది రాజుగారు, జోకరు కాదు.

పెన్నేటిగట్టు
షరతు చదివేలోపే రాసేశా గురువుగారూ, ఏమనుకోకండి.

*పులిమి రంగులు మోమున, పొగిలి యేడ్చి*
*నవ్వు లమ్మెడి జోకరు నలిగిపోవు*
*కంటినీటిని దాచిన కళల కెల్ల*
*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

తాటాకు (నిర్వహణ)
నడక బావుంది, గణాలు యతులు ఎక్కడా తప్పు పట్టడానికి లేదు, "కళల కెల్ల రాజు" అని మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి దిగిన తీరు కూడా బావుంది. కానీ అర్థం దగ్గర చేతులెత్తేశారు. కళలకెల్ల రాజు జోకరే అయితే ఆయన్ని ఏడిపించేది ఎవరు, వాడు రక్షకుడు ఎట్లా అయ్యాడు? మొదటి మూడు పాదాలు ఒక కథ, నాలుగోది ఇంకో కథ.

ఇక ఆ ఏడుపు జోకరు మనకి ఎక్కణ్ణించి పట్టుకున్నాడో కూడా చూడండి. 1892లో మిలాన్‌లో లియోన్‌కవాల్లో ఆపెరా పల్యాచ్చీ ఆడారు, అందులో కానియో అనే నాటకాలవాడు పెళ్ళాం మోసం చేసిందని తెలిశాక కూడా వేషం వేసుకోక తప్పదని పాడతాడు, ఆ ఒక్క పాటతోటి ప్రపంచం మొత్తం జోకరంటే అదే అనుకుంది. మనవైపు 1970లో రాజ్‌కపూర్ సినిమా మేరా నామ్ జోకర్ వచ్చింది, మరీ నాలుగు గంటల సినిమా అది, అప్పుడు ఆడలేదు గానీ జోకరు ఏడవాలి అనే రూలు మాత్రం పాతుకుపోయింది. అంతకుముందు వేల ఏళ్ళు విదూషకుడి పని వేరు.

పేకమేడ
అన్నా నాకు పురాణాలు ఆపెరాలు రావు, వచ్చిందల్లా పదమూడు ముక్కలాట, అదే రమ్మీ, ఓడితే నెత్తిన ఎనభై పాయింట్లు పడే ఆట. ఇదిగో.

*రాణి చెంతను జోకరు రాజు వోలె*
*కూరుచుండిన సీక్వెన్సు కుదిరిపోయె*
*పడవలసినట్టి యెనుబది పాయె! పేక*
*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

అరసున్న
హహహ రాణి పక్కన రాజు కుర్చీలో జోకర్ కూర్చోవడం, అసలు రాజు డిస్కార్డ్‌లో, అంటే పారేసిన ముక్కల్లో, పడి ఏడవడం, బాబాయ్ ఇది మామూలుగా లేదు. "పేక / రాజు" విరుపు అయితే అవధానంలో పడ్డా చప్పట్లే.

మంజీరతీరం
పద్యం మస్తుంది గానీ ఒక్క డౌటు కాకా, అది జోకర్ కలిసిన సీక్వెన్స్ గద, జోకర్ లేని ప్యూర్ సీక్వెన్స్ ముందుగాల పడ్డదా లేదా? పడకుండ షో కొడితె ఎనభై నీ నెత్తి మీదనే పడతయ్, రక్షకుడు లేడు ఎవ్వడు లేడు.

పేకమేడ
ప్యూర్ ఎప్పుడో పడింది తమ్ముడూ, పద్యంలో నాలుగు పాదాలే ఇచ్చారు, పదమూడు ముక్కలూ ఎక్కడ సర్దను.

తాటాకు (నిర్వహణ)
"సీక్వెన్సు" తగణంగా (గురువు, గురువు, లఘువు) సరిగ్గా పడింది. "కూరుచుండిన" పద్యానికి చెల్లే రూపమే. వ్యవహార పదాలతో తేటగీతి ఇంత సాఫీగా నడవడం చూసి చాలా రోజులైంది. మార్కులు పడ్డట్టే.

కొత్తకలం
అందరికీ నమస్తే, నేను ఇక్కడ కొత్త, ఇంటర్లో గణాలు నేర్చుకున్నాక మళ్ళీ ఇప్పుడే. నాది బ్యాట్‌మ్యాన్ జోకర్ మీద, తప్పులుంటే చెప్పండి.

*గోతమను పట్టణంబున జోకరుండు*
*తెల్లరంగు మొగాన పచ్చజుట్టుతోడ*
*గబ్బిలమువంటి వేసాన గస్తి తిరుగు*
*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

అరసున్న
ముందు మంచి చెప్తా. మూడో పాదం నాకు తెగ నచ్చింది, "గబ్బిలమువంటి వేసాన గస్తి తిరుగు రాజు" అనగానే బ్యాట్‌మ్యాన్ పేరు చెప్పకుండానే కళ్ళముందు కనపడ్డాడు. ఇప్పుడు మిగతావి. మొదటి పాదంలో గో కి జో వేశారు, అచ్చు ఓ కుదిరింది గానీ గకారానికి జకారానికి మైత్రి లేదు, యతి పోయింది. రెండో పాదం: తెల్ల / రంగు మొ / గాన ప / చ్చజు... ఇక్కడ ఆగిపోండి, "ప" పక్కన చ్చ ఉంది కాబట్టి అది గురువై మూడో గణం రగణం (గురువు, లఘువు, గురువు) అయింది, సరే, కానీ నాలుగోది లఘువు గురువు వచ్చింది, సూర్యగణం అంటే నగణమో (మూడు లఘువులు) గలమో (గురువు, లఘువు) ఉండాలి కదా. ఇలా మారుస్తే ఎలా ఉంటుందో చూడండి:

*గోతమను పట్టణంబున కోతిచేష్ట*
*తెల్ల మొగముపై నెఱ్ఱని తీపి నవ్వు*

కొత్తకలం
కోతిచేష్ట సూపర్ అండీ. పచ్చజుట్టు పోయిందనే బాధ ఒక్కటే 😀

పెన్నేటిగట్టు
అంతా బానే ఉంది గానీ బ్యాట్‌మ్యాన్‌ని ఏడిపించేవాడు రక్షకుడెట్లా అయ్యాడబ్బా? ఊళ్ళో గ్యాస్ వదిలేవాడు వాడు.

కొత్తకలం
కామిక్స్ కంపెనీకి రక్షకుడండీ! వాడు లేకపోతే ఆ పుస్తకాలు ఎవరు కొంటారు? 1940లో బ్యాట్‌మ్యాన్ మొదటి సంచికలోనే జోకర్ వచ్చాడు, అదే సంచిక చివర్లో చంపేద్దామనుకున్నారు, అప్పుడు విట్నీ ఎల్స్‌వర్త్ అనే ఎడిటర్ వద్దు బతికించండి అని చివర్లో ఒక బొమ్మ కలిపించాడు, అందుకే ఇన్నేళ్ళు బతికాడు. ఆ మొహం కూడా 1928 నాటి మూకీ సినిమాలో కాన్రాడ్ ఫైట్ వేసిన వేషం నుంచి వచ్చిందే, విక్టర్ హ్యూగో నవలలో పెదాలు కోసేసి ఎప్పుడూ నవ్వుతున్నట్టు చేసిన కుర్రాడి పాత్ర అది.

తాటాకు (నిర్వహణ)
సమర్థన బ్రహ్మాండంగా ఉంది, కానీ అది పద్యం బయట ఉంది. మనం పద్యం పక్కన నిలబడి చదివినవాళ్ళందరికీ ఎడిటర్ కథ చెప్పలేం కదమ్మా. ఆ ముక్క మూడో పాదంలో ఎక్కడైనా ఇరికించి మళ్ళీ పంపు. మొదటిసారికి ఇది చాలా ఎక్కువ.

హ్యూగో పేరు ఎత్తావు కాబట్టి చెప్తున్నా, మన సమస్యకి సరిపడే సంగతి ఆయన దగ్గరే ఇంకోటుంది. 1832లో ఫ్రాన్సువా రాజు, ఆయన దగ్గరి గూని విదూషకుడు ట్రిబూలే మీద నాటకం రాస్తే ఒక్క ప్రదర్శనకే నిషేధం పెట్టారు. అదే కథని వెర్డి 1851లో రిగొలెట్టో ఆపెరాగా వెనిస్‌లో వేయబోతే అక్కడి సెన్సారు వాళ్ళు పట్టుబట్టారు, వేదిక మీద రాజు ఉండకూడదని, చివరికి ఆయన మాంటువా డ్యూకు అయ్యాడు. గూనివాడి గూని అట్లాగే ఉంది, కిరీటం మాత్రం దిగిపోయింది!

అరసున్న
ఇది విన్నాక నాది కాస్త మామూలుగా కనిపిస్తుందేమో, అయినా పెడుతున్నా.

*పంచి రాజ్యమ్ము కూతుళ్ళ పాలు చేసి*
*గాలివానలో లియరేడ్చు కాళరాత్రి*
*వెఱ్ఱివాడెవ్వడో చెప్పి వెంట నున్న*
*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

తాటాకు (నిర్వహణ)
గంభీరంగా ఉంది. షేక్‌స్పియర్ నాటకంలో లియరు రాజుగారి విదూషకుడు "నన్ను వెఱ్ఱివాడంటావా" అని రాజు అడిగితే "మిగతా బిరుదులన్నీ ఇచ్చేసుకున్నావు, ఇదొక్కటే పుట్టుకతో వచ్చింది మిగిలింది" అన్నట్టు మాట్లాడతాడు, ఆ ఘట్టాన్ని మూడో పాదంలో బాగా పట్టారు. కొరడా దెబ్బలు తింటావని రాజు బెదిరించినా నోరు మూయడు, అందరూ వదిలేసిన రాత్రి వానలో వదలకుండా తిరుగుతాడు. ఒక్క చిక్కు, "వెంట నున్న రాజు" అని వినేవాళ్ళకి ముందు తగులుతుంది, రాజే వెంట ఉన్నట్టు. అక్కడ చిన్న విరామం ఇచ్చి చదివితే తప్ప అన్వయం కుదరదు.

మంజీరతీరం
అంత దూరం బోయి ఇంగ్లండుల వెతకాల్నా జోకర్‌ని? మా దిక్కు చిందు భాగోతంల బుడ్డర్‌ఖాన్ ఉంటడు, అటు అనంతపురం దిక్కు తోలుబొమ్మల కేతిగాడు ఉన్నడు. నాదిగో, నేను జర్ర సేపు కూసుని రాసిన.

*తోలుబొమ్మల తెరమీద దూకి వచ్చి*
*కేతిగాడు రావణు జేరి గేలిసేయ*
*పల్లె నిద్దుర పోకుండ బ్రతికె గాథ*
*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

పెన్నేటిగట్టు
అన్నా ఇదీ పూరణ అంటే! మా అనంతపురం వైపు నిమ్మలకుంట వాళ్ళ ఆట చూసినోళ్ళకి తెలుస్తుంది, రాత్రి తొమ్మిదికో పదికో మొదలైతే తెల్లారేదాకా ఆడతారు, రెండో జాము దాటాక యుద్ధమొచ్చినా రాముడొచ్చినా జనం కునుకు తీస్తుంటారు, అప్పుడు దూకుతాడు చూడు కేతిగాడు, వాడూ, జోడీ బొమ్మ బంగారక్కా తిట్టుకునే తిట్లకి ముసలోళ్ళు కూడా లేచి కూర్చుంటారు. రావణాసురుడి బొమ్మ ఎన్నో రంగులతో నిలువెత్తున్నా సరే, ఈ చిన్న నల్లబొమ్మ వచ్చి ఊళ్ళో కరణం మీద మాటలన్నీ ఆయన మొహాన కొడుతుంది.

తాటాకు (నిర్వహణ)
ఏడిపించడం అంటే ఆటపట్టించడంగా తీసుకున్నారు, చెల్లుతుంది. నాకు మాత్రం మూడో పాదమే ఎక్కువ నచ్చింది. కేతిగాడు రాజునో దేశాన్నో కాపాడలేదు, కథని కాపాడాడు, నిద్రమత్తు నుంచి. ఇంత ఇంటి సంగతి ఇంకెవరికీ తట్టలేదు. "బ్రతికె" ముందు "డ" గురువవుతుందా అని ఎవరైనా అడుగుతారేమో, తెలుగు మాటే కాబట్టి లఘువే, గొడవ లేదు.

కేరళవాళ్ళ సంస్కృత నాటకం కూడియాట్టంలోనూ ఇదే పద్ధతి, రాజు సంస్కృత శ్లోకం చదివితే విదూషకుడు దాన్ని మలయాళంలో చెప్తూ మధ్యలో జనం మీదా జమీందార్ల మీదా అనాల్సినవి అనేస్తాడు. మన బుర్రకథలో వంతల్లో ఒకరికి హాస్యం, ఒకరికి రాజకీయం పంచిపెట్టారు, అక్కడ మాత్రం ఒక్కడే రెండూ మోస్తాడు.

ఈతాకుచాప
నేను ఎప్పుడూ చదివి పోయేవాణ్ణే, ఈసారి ఒకటి రాశా. శాకుంతలం ఆరో అంకం.

*చిత్రమందలి తుమ్మెదన్ జెదరగొట్ట*
*బూను దుష్యంతు గని "యిది బొమ్మ" యనుచు*
*మాయతెర చించె మాధవ్యు మాట యొకటి*
*రాజు నేడ్పించువాడె పో రక్షకుండు*

అరసున్న
అయ్యబాబోయ్.

తాటాకు (నిర్వహణ)
ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారండీ మీరు. తెలియనివాళ్ళకి సందర్భం చెప్తాను. ఉంగరం దొరికాక దుష్యంతుడికి శకుంతల గుర్తొచ్చింది, పశ్చాత్తాపంతో ఆమె బొమ్మ తానే గీసుకున్నాడు, ఆ బొమ్మలో ఆమె మొహం మీదికి తుమ్మెద వస్తుంటే నిజం తుమ్మెదే అనుకుని దాన్ని బెదిరిస్తున్నాడు, పక్కనున్న విదూషకుడు అయ్యా ఇది బొమ్మ అన్నాడు. అంతే, ఎదురుగా ఉందనుకున్న మనిషి మళ్ళీ బొమ్మయిపోయింది, రాజు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సమస్యలో ఉన్న పని అక్షరాలా జరిగిన చోటు ఇదొక్కటే, ఈ మూల నాకు కూడా తట్టలేదు.

ఇంకా తమాషా ఏంటంటే శకుంతల సంగతి రాజు నోటివెంట ముందే విన్నవాడు ఈ మాధవ్యుడే. రెండో అంకంలో రాజు అంతా చెప్పేసి, తర్వాత భయపడి, అదంతా పరాచికానికి అన్నాలే నిజమనుకోకు అన్నాడు, ఈయన నమ్మేశాడు. అయిదో అంకంలో ఆమె సభకి వచ్చే ముందు ఈ మాధవ్యుణ్ణి రాణి హంసపదిక దగ్గరికి పంపించేశాడు. కాళిదాసు విదూషకుణ్ణి ఎక్కడ ఉంచాలో ఎక్కణ్ణించి తప్పించాలో లెక్క వేసుకుని మరీ రాశాడు.

పెన్నేటిగట్టు
ఏడిపించడం ఒప్పుకుంటా. రక్షకుడు ఎట్లా? ఏడ్చినంత మాత్రాన బాగుపడ్డాడా?

ఈతాకుచాప
అదే అంకం చివర్లో ఉందండీ. రాజు ఏడ్చి ఏడ్చి చేతకాకుండా పడుంటే ఇంద్రుడి సారథి మాతలి కనపడకుండా వచ్చి మాధవ్యుణ్ణి పట్టుకుని చితకబాదుతాడు, ఆయన అరుపులు విని రాజుకి రోషమొచ్చి విల్లు ఎత్తుతాడు, అప్పుడు మాతలి బయటపడి మిమ్మల్ని కదిలించడానికే ఇలా చేశాను, రాక్షసులతో యుద్ధానికి రండి అంటాడు. అక్కణ్ణించే కదా ఏడో అంకం, భరతుడు, శకుంతల అన్నీ. దెబ్బలు తిన్నది విదూషకుడు, పెళ్ళాం బిడ్డలు దొరికింది రాజుకి. ఇవన్నీ పద్యంలో పట్టలేదు, మాయతెర చించడం దగ్గర ఆపేశా.

తాటాకు (నిర్వహణ)
పట్టక్కర్లేదు, ఆ నాటకం చదివినవాడికి మూడో పాదం చాలు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో రంగం మీద నాయకుణ్ణి ఇంద్రుడు, నాయికను సరస్వతి, విదూషకుణ్ణి ఓంకారం కాపాడాలని పంచిపెట్టారు. నాయకుడికి కూడా దొరకని కాపలా అది, తిట్లూ దెబ్బలూ తినేవాడికి ఇచ్చారు.

ఈ వారం ఉత్తమ పూరణ ఈతాకుచాప గారిది. రెండోది మంజీరతీరం. హాస్యానికి పేకమేడ, ఇందులో పోటీయే లేదు.

అరసున్న
ఒప్పుకున్నా. కానీ గురువుగారూ, వారం అంతా విదూషకుడు, కేతిగాడు, ట్రిబూలే, అందరూ మగవాళ్ళే. బంగారక్క తెరమీద కేతిగాడి కంటే ఎక్కువ తిడుతుంది, ఆమె మీద ఒక్క పాదం పడలేదు. కొత్తకలం కూడా జోకర్ రాసింది గానీ ఆ కామిక్స్‌లోనే ఉన్న ఆడ జోకరు హార్లీ క్విన్ రాయలేదు.

తాటాకు (నిర్వహణ)
న్యాయమైన మాటమ్మా. అయితే వచ్చేవారం ఆటవెలది, బంగారక్క కోసమే:

*మగని మాట వినని మగువె సాధ్వి*

కేతిగాణ్ణి తిట్టుకోవచ్చు, యతి తప్పకుండా.

పేకమేడ
గురువుగారూ ఇది మా ఇంట్లో చూపించొచ్చా?