బేస్ గిటార్‌కు ప్రీఆంప్, పవర్ ఆంప్ విడివిడిగానా, ఒకే హెడ్డా?

ప్రశ్న

అన్నలూ, మాది విజయవాడ. చర్చిలోనూ, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనూ బేస్ వాయిస్తాను. అయిదు తీగల బేస్, డీఐ అవుట్ (సౌండ్ వాళ్ళ మిక్సర్‌కి సిగ్నల్ పంపేది) ఉన్న ప్రీఆంప్ పెడల్ (బేస్ సన్నని సిగ్నల్‌ని పెంచి సర్దేది), 12 అంగుళాల స్పీకర్ ఒకటున్న క్యాబినెట్ (బాక్సు) ఉన్నాయి. క్యాబినెట్ వెనక 300 వాట్లని కనిపిస్తోంది, ఓంలు (స్పీకర్ ఆంప్‌కి చూపే నిరోధం) రాసిన చోట స్టిక్కర్ చెరిగిపోయింది. 4 ఓంల మీద 500 వాట్లిచ్చే చిన్న క్లాస్ డి (తేలికైన స్విచింగ్ రకం) హెడ్ ఒకటి చూశాను, ప్రీఆంప్, పవర్ ఆంప్ రెండూ ఒకే పెట్టెలో ఉన్నది. అదే డబ్బుకు స్పీకర్‌ని నడిపే రెండు ఛానెళ్ళ పవర్ ఆంప్ కొని, ఉన్న పెడల్‌నే ప్రీఆంప్‌గా వాడుకుంటే మేలంటున్నారు కొందరు. ఏది తీసుకోమంటారు?

మొదటి జవాబు

తమ్ముడూ, ముందు ఓంలు తేల్చుకో. తర్వాతే వాట్ల మాట. క్యాబినెట్‌కు తగిలించిన స్పీకర్ వైరు రెండో కొసన మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూడు. 5.5 నుంచి 7 మధ్య వస్తే అది 8 ఓంల బాక్సు, 3 నుంచి 3.7 వస్తే 4 ఓంలది. మీటర్ చూపేది కాయిల్ డీసీ నిరోధం, అందుకే అసలు లెక్క కంటే తక్కువ వస్తుంది.

8 ఓంలైతే ఆ 500 వాట్ల హెడ్ నుంచి నీకు వచ్చేది 250 నుంచి 300 వాట్లే. దానికి దిగులు పడకు. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెళ్ళు మాత్రమే. తర్వాత ఇలాంటిదే ఇంకో 8 ఓంల బాక్సు కలిపితే మొత్తం 4 ఓంలవుతుంది, హెడ్ పూర్తి వాట్లూ వస్తాయి, కదిలే కోన్ (స్పీకర్ ముందు పొర) వైశాల్యమూ రెట్టింపవుతుంది. రెండూ కలిసి దాదాపు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. పెద్ద ఆంప్ కొనడం కంటే రెండో బాక్సు కొనడమే చెవికి ఎక్కువ తెలుస్తుంది.

నా సలహా: హెడ్డే తీసుకో, కానీ వెనక ఎఫెక్ట్స్ సెండ్, రిటర్న్ జాక్‌లు (ప్రీఆంప్ నుంచి బయటికి, తిరిగి పవర్ ఆంప్‌లోకి వెళ్ళే దారులు) ఉన్నదే తీసుకో. నీ పెడల్ అవుట్‌ని రిటర్న్‌లో పెడితే హెడ్‌లోని ప్రీఆంప్ పక్కకు తప్పుకుంటుంది, హెడ్ ఉత్త పవర్ ఆంప్‌గా పనిచేస్తుంది. పెడల్ మొరాయించిన రోజు బేస్ కేబుల్‌ను నేరుగా ముందు ఇన్‌పుట్‌లో పెట్టుకుని వాయించెయ్యొచ్చు. కొనే ముందు షాపులోనే ఒకటి చూసుకో. కొన్ని హెడ్లలో మాస్టర్ వాల్యూమ్ రిటర్న్‌కి ముందే ఉంటుంది. అలాంటివాటిలో రిటర్న్ నుంచి వెళ్తే మాస్టర్ నాబ్ పనిచేయదు, శబ్దమంతా పెడల్ లెవెల్ నాబ్ మీదే నడుస్తుంది. మాస్టర్ రిటర్న్ తర్వాత ఉంటే ఆ ఇబ్బంది లేదు.

ఇంకొకరి జవాబు

పై అన్న చెప్పింది సరే గానీ, రిపేరు సంగతి కూడా చూడాలి. చిన్న హెడ్లలో చాలావాటి లోపల పవర్ సప్లై, అవుట్‌పుట్ కలిపి ఒకే రెడీమేడ్ మాడ్యూల్ ఉంటుంది. ఐస్‌పవర్ లాంటి కంపెనీలు చేసేవి. అది పోతే మాడ్యూల్ మొత్తం మార్చాలి. మన ఊళ్ళ మెకానిక్‌కి అందులో చేతులు పెట్టే వీలు తక్కువ. మామూలు ట్రాన్స్‌ఫార్మర్, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఉన్న పవర్ ఆంప్ అయితే ఏ సౌండ్ షాపులోనైనా బాగుచేస్తారు. పైగా కార్యక్రమం మధ్యలో ఆగిపోతే సౌండ్ వాళ్ళ దగ్గర ఇంకో పవర్ ఆంప్ ఎప్పుడూ ఉంటుంది. పెడల్ తీగ మార్చి దాంట్లో పెడితే పాట ఆగదు. రెండు ఛానెళ్ళలో ఒకటి పోయినా రెండోది ఉంటుంది. బయట ఊళ్ళలో ఎక్కువగా వాయించేవాడికి ఇది చిన్న విషయం కాదు.

బరువు మాత్రం భరించాలి. క్లాస్ డి హెడ్ రెండు మూడు కిలోలు. ట్రాన్స్‌ఫార్మర్ పవర్ ఆంప్‌ని ర్యాక్ కేసులో పెడితే సులువుగా 15 కిలోలు దాటుతుంది. పవర్ ఆంప్‌లలో కూడా క్లాస్ డి వచ్చేసింది. అవి నాలుగైదు కిలోల్లో దొరుకుతాయి, కానీ వాటి రిపేరు కష్టం హెడ్‌ లాంటిదే.

అడిగినవారు

పెడల్ నుంచి పవర్ ఆంప్‌కి లెవెల్ సరిపోతుందా అన్నా? ఒక స్నేహితుడి పవర్ ఆంప్‌తో పెట్టి చూస్తే నాబ్‌లన్నీ పూర్తిగా తిప్పినా శబ్దం పెద్దగా రాలేదు.

మొదటి జవాబిచ్చినవారు

విడి సెట్లలో చాలామంది తడబడేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

పవర్ ఆంప్ వెనకో, దాని పుస్తకంలోనో ఇన్‌పుట్ సెన్సిటివిటీ అని ఉంటుంది. అది 0.775 వోల్టులైతే, అంత సిగ్నల్ ఇచ్చినప్పుడే పూర్తి వాట్లు వస్తాయని అర్థం. 1.4 వోల్టులైతే దాదాపు రెట్టింపు సిగ్నల్ ఇవ్వాలి. కొన్ని ఆంప్‌లలో ఈ రెండింటి మధ్య మార్చుకునే స్విచ్ ఉంటుంది. నీ పెడల్ గట్టిగా ఇచ్చేది 1 వోల్టే అనుకో. 1.4 అడిగే ఆంప్‌లో నీకు దక్కేది సగం వాట్లే, ఎందుకంటే వాట్లు వోల్టుల వర్గాన్ని బట్టి మారతాయి. పెడల్‌లో లైన్, ఇన్‌స్ట్రుమెంట్ అని స్విచ్ ఉండి, అది ఇన్‌స్ట్రుమెంట్ వైపు ఉంటే సిగ్నల్ ఇంకా పడిపోతుంది. నీకు జరిగింది బహుశా అదే. స్విచ్ లైన్ వైపు పెట్టు. డీఐ అవుట్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) తీగతో వెళ్తుంటే సిగ్నల్‌ని తగ్గించే దాని ప్యాడ్ స్విచ్ ఆపెయ్యి. చాలా పెడళ్ళ ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ మైకు స్థాయిలో ఉంటుంది, దాంతో పవర్ ఆంప్ ఎప్పటికీ నిండదు. జాక్ అవుట్ వాడి చూడు.

సర్దే వరస ఇది. పవర్ ఆంప్ నాబ్‌లు సున్నాకి తిప్పు. బేస్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, వాయించగలిగినంత గట్టిగా వాయిస్తూ ప్రీఆంప్ గెయిన్ పెంచు. క్లిప్ లైటు (సిగ్నల్ హద్దు దాటితే వెలిగేది) అప్పుడప్పుడూ మినుక్కుమనే చోట ఆపి, కొంచెం వెనక్కి తిప్పు. ప్రీఆంప్ మాస్టర్‌ని ముప్పావు దగ్గర పెట్టు. అప్పుడు పవర్ ఆంప్ నాబ్ మెల్లగా తెరువు. ఒక పొరపాటు మాత్రం చేయకు. పవర్ ఆంప్ నాబ్ సగంలో ఉంది కదా, సగం వాట్లే వెళ్తున్నాయని అనుకోవద్దు. ఆ నాబ్ ఇన్‌పుట్‌ని తగ్గిస్తుందే గానీ ఆంప్ శక్తికి హద్దు పెట్టదు. సిగ్నల్ గట్టిగా ఉంటే సగంలోనే ఆంప్ పూర్తి వాట్లతో బాక్సును కొట్టేస్తుంది.

స్విచ్ వేసేటప్పుడు ప్రీఆంప్ ముందు, పవర్ ఆంప్ చివర. ఆపేటప్పుడు పవర్ ఆంప్ ముందు. వరస తప్పితే వచ్చే ఆ ధబ్ మనే దెబ్బ స్పీకర్ కోన్‌కి తగులుతుంది.

ఇంకొకరి జవాబు

అయిదో తీగ ఉంది కాబట్టి ఇది కూడా గుర్తుంచుకోండి. దాని లో బి (అన్నిటికంటే కింది) స్వరం దాదాపు 31 హెర్ట్జ్. పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బాక్సులు చాలావరకు 40, 50 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ అయి ఉంటాయి. అంతకంటే కింద గాలి కోన్‌కి అడ్డు నిలవదు, కోన్ హద్దు దాటి ఊగుతుంది. 300 వాట్లు అని బాక్సు మీద రాసేది కాయిల్ వేడిని తట్టుకునే లెక్క, కోన్ ఊగే హద్దు కాదు. 31 హెర్ట్జ్ దగ్గర 100 వాట్లకే హద్దు దాటే 12 అంగుళాల స్పీకర్లు ఉన్నాయి.

చాలా బేస్ హెడ్లలో ఈ అడుగు శబ్దాన్ని కోసే హై పాస్ ఫిల్టర్, సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే ఒక లిమిటర్ లోపలే ఉంటాయి. పాటల సౌండ్‌కి చేసిన పవర్ ఆంప్ 20 హెర్ట్జ్ దాకా ఉన్నదున్నట్టు పంపేస్తుంది. కాబట్టి విడి సెట్ కొంటే, ప్రీఆంప్ తర్వాత 35 నుంచి 40 హెర్ట్జ్ దగ్గర కోసే హై పాస్ ఫిల్టర్ పెడల్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. లో బి బలం పోతుందని భయపడనక్కర్లేదు. ఆ స్వరంలో చెవికి ముఖ్యంగా అందేది 62 హెర్ట్జ్ దగ్గరి రెండో హార్మోనిక్ (రెట్టింపు హెర్ట్జ్‌లో పలికే పై స్వరం).

అడిగినవారు

మా చర్చిలో పాత మైకుసెట్టు ఆంప్లిఫయర్ 250 వాట్లది ఖాళీగా ఉంది. కొన్నాళ్ళు దాంతో నెట్టుకురావచ్చా?

మొదటి జవాబిచ్చినవారు

దాని వెనక స్క్రూ టెర్మినళ్ళు చూడు. కామ్ (కామన్), 4, 8, 16 ఓంలు, 70 వోల్టులు, 100 వోల్టులు అని వరసగా ఉంటే అది హారన్ లైన్ల కోసం చేసింది. 100 వోల్టుల టెర్మినల్‌కి నీ బాక్సు తగిలిస్తే స్పీకరో ఆంపో, ఏదో ఒకటి పోతుంది. కామ్‌కీ, 8 ఓంల టెర్మినల్‌కీ మధ్య కలిపితే ప్రమాదం లేదు. కానీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాటల స్పష్టత కోసం చేసినది కాబట్టి 60, 70 హెర్ట్జ్ కింద బేస్ పలచబడుతుంది, గట్టిగా నడిపితే బరబరమంటుంది. ఇంట్లో సాధనకు వాడుకో. స్టేజీ మీద వద్దు.

ఇంకొకరి జవాబు

రెండు ఛానెళ్ళ ఆంప్ కొంటే బ్రిడ్జ్ మోడ్ (రెండు ఛానెళ్ళూ కలిపి ఒకే బాక్సును నడపడం) జోలికి వెళ్ళే ముందు ఆలోచించండి. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానెల్‌కి కనిపించేది బాక్సు ఓంలలో సగం. 4 ఓంల బాక్సు పెడితే ఒక్కో ఛానెల్ 2 ఓంలు మోస్తున్నట్టు. ఆంప్ మీద బ్రిడ్జ్‌కి కనీసం 8 ఓంలు అని రాసి ఉంటే 4 ఓంల బాక్సు పెట్టకూడదు. తీగ కూడా వేరు. స్పీకాన్ అనే స్పీకర్ ప్లగ్గులో మామూలుగా 1+, 1- కాంటాక్ట్‌లు వాడతాం. బ్రిడ్జ్‌లో చాలా ఆంప్‌లు 1+, 2+ మీద ఇస్తాయి. మామూలు తీగ పెడితే ఒక ఛానెలే వస్తుంది, బ్రిడ్జ్ పనిచేయలేదని ఆంప్‌ని తిడతారు. ఆంప్ వైపు 1+, 2+, బాక్సు వైపు 1+, 1- ఉండేలా తీగ విడిగా చేయించి, దానికి ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి. స్పీకర్‌కి గిటార్ కేబుల్ ఎప్పుడూ వాడొద్దు, కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. 300 వాట్ల బాక్సు ఒక్కటే ఉన్నప్పుడు మాత్రం బ్రిడ్జ్ అవసరమే లేదు.

అడిగినవారు

ఇంకో రెండు సందేహాలు. పెడల్‌ని పవర్ ఆంప్‌కి కలిపినప్పుడు హమ్మింగ్ వచ్చింది. అమెరికాలో ఉన్న మా బావగారు వచ్చేటప్పుడు హెడ్ తెస్తానంటున్నారు, తెమ్మనొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు

హమ్మింగ్‌కి ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టు. వేర్వేరు సాకెట్ల ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే 50 హెర్ట్జ్ గుర్రు వస్తుంది. తగ్గకపోతే పెడల్ అడాప్టర్ తీసి బ్యాటరీ వేసి చూడు. అప్పుడు పోతే తప్పు అడాప్టర్‌ది. అయినా ఉంటే పెడల్‌కీ ఆంప్‌కీ మధ్య బ్యాలెన్స్‌డ్ తీగ (సిగ్నల్‌కి రెండు వైర్లు, పైన షీల్డు ఉన్నది) వాడు. ఎర్త్ పిన్ మాత్రం పీకొద్దు. హమ్ము పోతుంది గానీ, ఎక్కడైనా ఫేజు బాడీకి తగిలితే తీగల మీద ఉన్న నీ చేతికీ మైకుకి తగిలే పెదవికీ మధ్య ప్రాణం పోయేంత షాక్ కొడుతుంది.

అమెరికా హెడ్ అయితే వెనక లేబుల్ ఫోటో పెట్టమను. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చి వాడుకోవచ్చు. 115 అనో 120 అనో ఒక్కటే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది. కొన్నింటిలో వోల్టేజ్ మార్చే స్విచ్చో లోపలి లింకో ఉంటుంది. అది మార్చినప్పుడు ఫ్యూజు కూడా 230కి చెప్పిన విలువకి, సుమారు సగానికి, మార్చాలి. ఆ వారంటీ ఇక్కడ పనిచేస్తుందో లేదో కొనకముందే అడగండి.

పెళ్ళిళ్ళలో జనరేటర్ మీద నడిచేటప్పుడు ప్లగ్గు పెట్టే ముందు సాకెట్ వోల్టులు కొలువు. 207 నుంచి 253 మధ్య ఉండాలి. న్యూట్రల్ వదులైన త్రీ ఫేజ్ లైన్లో అది 400 దాకా ఎగబాకుతుంది. అప్పుడు హెడ్డూ మిగలదు, విడి సెట్టూ మిగలదు.

ఇంకొకరి జవాబు

పాత హెడ్ చూస్తుంటే ఒక పరీక్ష. శబ్దం మధ్య మధ్యలో తెగుతుంటే సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక చిన్న మంచి తీగ పెట్టండి. తెగడం ఆగితే లోపం రిటర్న్ జాక్ లోపలి కాంటాక్ట్‌లది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గును పదిసార్లు పెట్టి తీస్తే చాలావరకు బాగవుతుంది. ఆ లోపానికే ఆంప్ పోయిందనుకుని సగం ధరకు అమ్మేవాళ్ళున్నారు.

పెడల్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ బాక్సు శబ్దాన్ని అనుకరించేది) ఉంటే, నిజం బాక్సుకి వెళ్ళే దారిలో అది ఆపేయాలి. లేకపోతే పై శబ్దం రెండుసార్లు కోసుకుపోయి బేస్ దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సౌండ్ వాళ్ళకిచ్చే డీఐలో మాత్రం ఉంచండి.

అడిగినవారు

మీటర్ పెట్టి చూశాను. 5.9 చూపిస్తోంది. హెడ్‌లో ఎఫెక్ట్స్ లూప్ (సెండ్, రిటర్న్) ఉంది, మాస్టర్ రిటర్న్ తర్వాతే ఉందని షాపులో పెడల్ పెట్టి చూపించారు.

మొదటి జవాబిచ్చినవారు

అయితే అది 8 ఓంల బాక్సే. ఆ హెడ్ తీసుకో. రెండో బాక్సు కొనే రోజున అదీ 8 ఓంలదే కొను. 4 ఓంలది కలిపితే మొత్తం 2.67 ఓంలకి పడిపోతుంది, 4 ఓంలు కనీసంగా ఉన్న హెడ్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి ఆగిపోతుంది. స్పీకాన్ తీగలు రెండు కొనుక్కో, ఒకటి సంచిలో ఉండాలి.