తూరు పట్టణం క్రీ.పూ. 332లోనే పోయిందా?

ఉప్పుగాలి:
మొన్న ఆదివారం భోజనాల దగ్గర మొదలైన గొడవ, ఇంకా తెగలేదు. “తూరును అలెగ్జాండర్ క్రీ.పూ. 332లో నేలమట్టం చేశాడు, ఆ రాళ్ళూ రప్పలూ సముద్రంలో పోసి కట్ట వేశాడు, ఆ ఊరు మళ్ళీ లేవలేదు” అంటాడు మా బావ. లేవకపోతే, ఆ తర్వాత మూడు వందల ఏళ్ళు దాటాక క్రైస్తవ బోధకుడు పౌలు ఓడ దిగి ఏడు రోజులు ఎక్కడున్నట్టు, బైబిల్లో అపొస్తలుల కార్యములు 21లో ఉంది కదా అని నేను. తూరు పేరు విననివాళ్ళ కోసం: లెబనాన్ దక్షిణ తీరంలో ఇప్పుడు సూర్ అంటున్న ఊరు, ఇంగ్లీషువాళ్ళ టైర్. ఆ తీరాన ఓడవ్యాపారం చేసిన పాతకాలపు జాతి ఫినీషియన్లు; వాళ్ళ రేవుల్లో సీదోనుతో సమానంగా పేరుమోసింది. సొలొమోను ఆలయానికి దేవదారు మానులు పంపిన హీరాము ఈ ఊరి రాజే. ఇంతకీ ఊరు అప్పుడే పోయిందా, లేదా? తేల్చి చెప్పండి, వచ్చే ఆదివారం మళ్ళీ అదే పంక్తిలో కూర్చోవాలి.

మందసం:
మీ బావగారిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఏడు నెలల ముట్టడి తర్వాత గోడ విరిగింది. పాతకాలపు చరిత్రకారుడు ఆరియన్ లెక్కలో 8,000 మంది చచ్చారు, 30,000 మందిని బానిసలుగా అమ్మారు. ఇంకో చరిత్రకారుడు డయొడోరస్ అమ్మకం అంకె బాగా తగ్గించి చెబుతాడు కానీ, పడుచువాళ్ళు 2,000 మందిని సిలువ వేశారంటాడు. రాజు అజెమిల్కు, ఊరి దేవుడు మెల్కార్తు గుడిలో దూరిన పెద్దలు, మొక్కు తీర్చడానికి వచ్చిన కార్తేజ్ దూతలు, వీళ్ళను మాత్రం అలెగ్జాండర్ క్షమించి వదిలేశాడు. ఊరంటే గోడలు కాదు, మనుషులు. ఆ మనుషులు సంతకెక్కాక మిగిలినదాన్ని తూరు అని ఎలా అంటాం?

చెల్లనినాణెం:
మందసం గారూ, రోమన్ చరిత్రకారుడు కర్టియస్‌ను వదిలేశారేం? అలెగ్జాండర్ పక్షాన ఓడలు తెచ్చిన సీదోనువాళ్ళు, తూరువాళ్ళు తమ రక్తమే కదా అని 15,000 మందిని గుట్టుగా ఓడలెక్కించి దాటించారని రాసింది ఆయనే. అందులో సగమే నమ్మండి, ఊరు మళ్ళీ నిండటానికి ఆ సగం చాలు.

సరే, అంకెల పేచీ పక్కన పెడదాం. క్రీ.పూ. 315లో అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ ఇదే తూరును ముట్టడించాడు. ఎంతకాలం పట్టిందనుకున్నారు? ఏడాదీ మూడు నెలలు! అలెగ్జాండర్‌కు పట్టినదానికి రెట్టింపు. చచ్చిన పామును కొట్టడానికి ఎవడైనా పదిహేను నెలలు కర్ర ఎత్తుకుని నిలబడతాడా?

మందసం:
లోపల ఉన్నది టాలెమీ సైన్యం అండీ, అలెగ్జాండర్ సేనానుల్లో ఈజిప్టు ఏలినవాడు. కోటను కాపాడింది వాళ్ళు. గోడలు గట్టిగా ఉన్నాయంటే ఊరు పచ్చగా ఉందని అర్థం కాదు.

చెల్లనినాణెం:
కోట మాత్రమే మిగిలి ఉంటే గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో చూపించిన ఊరు ఎక్కడిది? సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి మాట ఆయనది. తూరులో ఇళ్ళకు రోములోకన్నా ఎక్కువ అంతస్తులు ఉంటాయన్నాడు. రంగు బట్టీలు ఎక్కువై ఊళ్ళో ఉండబుద్ధి కాదు, కానీ ఆ బట్టీలే ఊరికి సిరి అన్నాడు. అలెగ్జాండర్ కొట్టిన దెబ్బ నుంచి ఓడలతో, రంగుతో తేరుకుందని ఆయనే చెప్పాడు.

ఆ రంగు గురించి రెండు ముక్కలు, నాకు ఇష్టమైన విషయం కాబట్టి ఓర్చుకోండి. సముద్రపు నత్త ఒంట్లోని చిన్న గ్రంథి నుంచి తీసేవాళ్ళు. తీసినప్పుడు తెల్లగా ఉంటుంది, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ఊదా రంగుకు తిరుగుతుంది. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలు పిండితే చేతికొచ్చింది 1.4 గ్రాములు. చూస్తే మన నీలిమందుకు స్వయానా దాయాది: అదే అణువుకు రెండు బ్రోమిన్ పరమాణువులు అతికించినట్టు ఉంటుంది. ఇక 12,000 నత్తల కళేబరాలు ఎండలో పడుంటే ఆ వాసన ఎలా ఉంటుందో, చేపల రేవు పక్కన పెరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఇసుకమేట:
కట్ట సంగతి ఎవరూ ఎత్తలేదే! బావగారి మాటలో సగం నిజం ఉంది. తూరుకు రెండు ముక్కలు: ఒడ్డున పాత ఊరు, ముప్పావు కిలోమీటరు దూరాన దీవి మీద అసలు పట్టణం. మెల్కార్తు గుడిలో బలి అర్పిస్తానని అలెగ్జాండర్ అడిగాడు. ఒడ్డునున్న గుళ్ళో ఇచ్చుకో, దీవిలోకి మాత్రం రావద్దన్నారు. దాంతో ఒడ్డున ఉన్న పాత ఊరి రాళ్ళు పీకించి కట్ట మొదలెట్టాడు. కాబట్టి సముద్రంలో పోసింది పాత తూరును. దీవిని కాదు.

తూరువాళ్ళు ఊరికే కూర్చోలేదు. పాత ఓడ నిండా చితుకులూ తారూ గంధకమూ నింపి, కట్ట మీదున్న బురుజులకు గుద్దించి తగలబెట్టారు. గోడెక్కబోయినవాళ్ళ మీద ఎర్రగా కాల్చిన ఇసుక కుమ్మరించారు. కవచం సందుల్లోంచి లోపలికి దిగితే విప్పుకునేలోపు ఒళ్ళు కాలిపోయేదట. ఇన్ని చేసినా, సీదోను వైపు నుంచీ సైప్రస్ నుంచీ రెండు వందల పైచిలుకు ఓడలు అలెగ్జాండర్‌తో కలిసేసరికి సముద్రం వాళ్ళ చేజారిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. 2007లో ఫ్రెంచ్ పరిశోధకులు అక్కడి భూమిలోకి గొట్టాలు దించి పొరలు పరీక్షించారు. దీవికీ ఒడ్డుకూ మధ్య నీటి అడుగున ముందునుంచే ఇసుకతిన్నె ఉందని తేలింది, పైన ఒకటి రెండు మీటర్ల నీళ్ళే. కెరటాలను దీవి అడ్డుకోవడంతో దాని వెనక ఇసుక మేట వేస్తూ వచ్చింది. కట్ట ఆ తిన్నె మీదే లేచింది. కట్ట లేచాక ఇసుక కదలిక ఆగిపోయి, ఇటూ అటూ ఇంకా మేట వేసి శాశ్వతంగా నేలైపోయింది. నన్నడిగితే 332లో పోయింది ఊరు కాదు, దీవి. అంతకు ముందు బబులోను రాజు నెబుకద్నెజరు పదమూడేళ్ళు ముట్టడి వేసినా ఆ దీవి చేతికి చిక్కలేదు.

మందసం:
నెబుకద్నెజరు మాట నిజమే. ఆ సైన్యానికి తలలు బోడివై, భుజాలు ఒరుసుకుపోయినా కూలి దక్కలేదని బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 29లోనే ఉంది. నేను పిల్లలకు చెప్పే పాఠమే అది.

మనుషులు మిగిలారన్నంతవరకూ ఒప్పుకుంటున్నాను. అయినా నా ప్రశ్న ఇంకోటి. రాజుల పాలన పోయింది, రాత గ్రీకుకు మారింది, ఈజిప్టు సరుకంతా అలెగ్జాండ్రియా రేవుకు మళ్ళింది. ఫినీషియన్ తూరు ఎక్కడ మిగిలింది?

చెల్లనినాణెం:
జవాబు నాణెం మీదే ఉంది. క్రీ.పూ. 126లో తూరు స్వతంత్రం తెచ్చుకుని సొంత వెండి షెకెల్ కొట్టించింది. ఒకవైపు మెల్కార్తు ముఖం, మరోవైపు గద్ద. చుట్టూ ఉన్న అక్షరాలు గ్రీకే, అక్కడ మీరే గెలిచారు. కానీ దేవుడు పాతవాడే! యెరూషలేము ఆలయ పన్నుకు చెల్లింది కూడా ఈ తూరు వెండే, యూదులు అన్యదేవుడి బొమ్మను సహించారంటే ఆ వెండి నాణ్యత ఎంతటిదో చూడండి. అంతకు ముందరి రాగి నాణేల మీద ఫినీషియన్ లిపిలోనే “సీదోనువాళ్ళ తల్లి తూరు” అని ఉంది. ఎవరు పెద్ద అనే దాయాదుల పోరు నాణేల మీదికి ఎక్కిందంటే ఊరు నిక్షేపంగా బతికున్నట్టే.

పాతబూట్లు:
దక్షిణ లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి దళంలో మన భారత బెటాలియన్‌తో పనిచేశాను. సెలవు దొరికితే సూర్ వెళ్ళేవాళ్ళం. ఊళ్ళోకి వెళ్తుంటే కట్ట మీద పోతున్నామని ఎవరూ చెప్పకపోతే తెలియదు. అటూ ఇటూ ఇళ్ళూ అంగళ్ళే. రోమన్ల గుర్రపు పందేల మైదానం దాదాపు అర కిలోమీటరు పొడవు. మా సుబేదారు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, ఎండకు తట్టుకోలేక రాతి మెట్ల మీద కూలబడ్డాడు. ఊరికి ఉత్తరం వైపు, సీదోను రేవు అని పేరున్న పాత రేవులో ఇప్పటికీ చేపల పడవలు ఆగుతాయి. మందసం గారూ, తూరు వలలు ఆరేసుకునే చోటవుతుందని మీ యెహెజ్కేలు చెప్పాడు కదా, అదీ చూశాను. పక్కనే ఐస్‌క్రీం బండి ఉంది.

ఊరు నిజంగా పాడుబడింది 1291లో. ఏకర్ కోట ఈజిప్టు ఏలుతున్న మమ్లూకుల చేతికి పోయిందని తెలిసి, అప్పటిదాకా ఊరు ఏలిన క్రూసేడర్లు (యూరోపు నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు) తూరును పోరాడకుండా వదిలేసి ఓడలెక్కారు. జనం మళ్ళీ గట్టిగా స్థిరపడింది 18వ శతాబ్దంలో.

ఉప్పుగాలి:
ఇదంతా బావకు చదివి వినిపించాను. అంతా విని, “చూశావా, 1291లో అయినా పోయిందిగా” అన్నాడు.

పాతబూట్లు:
ఆ పోయిన ఊళ్ళోనే నేను చేపలు కొన్నాను. ఎంత బేరమాడినా ఒక్క లీరా తగ్గించలేదని చెప్పండి బావగారికి.