విశ్వాసం, క్రియలు: బాప్తిస్మ తరగతిలో తేడా ఎలా చెప్తారు?

జమ్మలమడుగు వైపు పల్లెల్లో బాప్తిస్మ తరగతులు చెప్పే పెద్దలు సాయం చేయండి. పాపమనగానే వినేవాళ్లకు పాపపుణ్యాల లెక్కే గుర్తొస్తుంది. మంచిపనులు ఎక్కువైతే పాపం కొట్టుకుపోతుందనుకుంటారు. బైబిల్లో రోమా 3:23లో పాపం చేశారనే చోట ఉన్న గ్రీకు మాటకు గురి తప్పడమనే అర్థం కూడా ఉందని చెప్తే కొంత అందుకుంటారు.

చిక్కంతా ఆ తర్వాతే. రక్షణ కృపచేత విశ్వాసం ద్వారానే, క్రియల వల్ల కాదనే ఎఫెసీ 2:8-9 చదివితే "ఐతే ఎట్లా బతికినా సరేనా?" అంటారు. మనిషి విశ్వాసంతో మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా నీతిమంతుడని తీర్పు పొందుతాడనే యాకోబు 2:24 చదివితే మళ్లీ లెక్కలోకే పోతారు. రోమా 4లో అబ్రాహాముకు విశ్వాసం ముందు, సున్నతి తర్వాత అనే వరస చూపిస్తే సగం తీరుతుంది.

నీతిమంతుడని తీర్పు పొందడం ఒక్కసారి, పరిశుద్ధతలో ఎదగడం బతుకంతా. దీనికి శనగ సేద్యం నుంచి ఏ పోలిక వాడతారు? అప్పు మాఫీ పోలిక మాత్రం వద్దు, మళ్లీ అప్పు చేయొచ్చనే అర్థం తీసుకుంటున్నారు.