ఆలయం లేదు, బలి లేదు: యూదులు ఇప్పుడు ప్రాయశ్చిత్తార్థ దినం ఎలా ఆచరిస్తారు?

వాక్యధ్యానం:
వచ్చే వారం బైబిలు స్టడీలో లేవీయకాండము 16 చెప్పాలి. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక బలికి మేకలూ లేవు, ప్రధాన యాజకుడూ లేడు. మరి యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్తార్థ దినం) నాడు యూదులు చేసేదేమిటి? ఉపవాసముంటే క్షమాపణ దొరికినట్టేనా?

కృష్ణాతీరం:
బ్రదర్, 16వ అధ్యాయంతో పాటు యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలోని ‘యోమా’ భాగం కూడా చూడండి. ఆలయంలో ఆ రోజు ఎలా జరిగేదో అందులో ఉంది. ప్రధాన యాజకుణ్ణి ఏడు రోజుల ముందే ఇంటి నుంచి ఆలయ గదికి మార్చేవారు. ఆ రోజు ఐదుసార్లు స్నానం, పదిసార్లు కాళ్లూ చేతులూ కడుక్కోవడం. రక్తాన్ని ఒకసారి పైకి, ఏడుసార్లు కిందికి ప్రోక్షిస్తూ లెక్క తప్పకుండా “ఒకటి, ఒకటీ ఒకటి, ఒకటీ రెండు” అని పైకే లెక్కపెట్టేవాడు. స్టడీలో ఇది తప్పక చెప్పండి: రెండో ఆలయపు (రోమన్లు కూల్చినదే) అతి పరిశుద్ధస్థలంలో మందసం లేదు. అక్కడున్న రాతి మీదే ధూపం పెట్టేవాడు.

ఇప్పుడు ఆ క్రమమంతా ముసాఫ్ అనే అదనపు ప్రార్థనలో చదువుతారు. ఆ ఘట్టం వచ్చినప్పుడు చాలా సమాజాల్లో మోకరించి, నేలకు నుదురు ఆనిస్తారు. ఏడాదిలో మిగతా రోజుల్లో దాదాపు ఎప్పుడూ అలా చేయరు. మొత్తం ఐదు ప్రార్థనలు, చివరిది నెయిలా అనే ముగింపు ప్రార్థన. మధ్యాహ్న ప్రార్థనలో యోనా గ్రంథం చదువుతారు.

పాఠకమిత్ర:
ఉపవాసం సంగతి నేను చెబుతానండి. ముందురోజు సూర్యాస్తమయం నుంచి మర్నాడు చీకటి పడి నక్షత్రాలు కనిపించేదాకా, సుమారు 25 గంటలు. మంచినీళ్లు కూడా తాగరు. స్నానం, ఒంటికి నూనె, తోలు చెప్పులు, దాంపత్యం కూడా నిషేధమే. అందుకే మంచి బట్టల మీద గుడ్డ బూట్లు వేసుకుని సినగాగ్‌కు (యూదుల ప్రార్థనా మందిరానికి) వస్తారు. మగపిల్లలకు 13, ఆడపిల్లలకు 12 నిండితే ఉపవాసం విధి.

ప్రాణానికి ముప్పుంటే మాత్రం తినడమే ధర్మం. ఉపవాసం వద్దని డాక్టరు చెబితే మొండికేయకూడదు. అంత అత్యవసరం కాకపోతే రబ్బీలు (యూదు మత గురువులు) ఒక మార్గం చూపిస్తారు: సుమారు 30 గ్రాముల లోపు ఆహారం, అలాగే ఒక బుగ్గ నిండని నీళ్లు, మధ్యలో తొమ్మిది నిమిషాలో ఇంకా ఎక్కువో విరామం. కొలత రోగిని బట్టి మారుతుంది కాబట్టి ముందే అడిగి పెట్టుకోవాలి.

చాలామందిని ఆకలి కంటే తలనొప్పి ఎక్కువ బాధపెడుతుంది. రోజూ తాగే కాఫీ ఒక్కసారిగా ఆగిపోవడమే అందుకు ముఖ్య కారణం. కొన్ని రోజుల ముందు నుంచే తగ్గించుకుంటూ రావాలి. ముందురోజు భోజనంలో ఉప్పు ఎక్కువైతే రాత్రికే దాహం మొదలవుతుంది.

న్యాయవిచారం:
రెండో ప్రశ్నకు యోమా 8:9లో సూటిగా జవాబుంది. దేవుడి పట్ల చేసిన పాపాలకు ఆ రోజు ప్రాయశ్చిత్తం. తోటి మనిషికి చేసిన తప్పుకు, అతణ్ణి సమాధానపరిచేదాకా ఆ రోజు కూడా ప్రాయశ్చిత్తం కాదు. “పాపం చేస్తాను, యోమ్ కిప్పూర్ కడిగేస్తుంది” అనుకునేవాడికీ క్షమాపణ లేదని అక్కడే ఉంది. ఈ దినానికి ప్రాణం ఇదేనని నా అభిప్రాయం.

ఆచరణ ఎలాగో మధ్యయుగపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ వివరించాడు: తప్పు మానాలి, పశ్చాత్తాపపడాలి, నోటితో ఒప్పుకోవాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి. సొమ్ము కాజేస్తే ముందు తిరిగివ్వాలి. అవతలివాడు క్షమించకపోతే ముగ్గురిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి, అలా మూడుసార్లు. చనిపోయి ఉంటే పదిమందితో సమాధి దగ్గరికి వెళ్లి ఒప్పుకోవాలి.

ఆ దినం మొదలయ్యే సాయంత్రం చదివే, మొక్కుబడులను రద్దు చేసే ‘కొల్ నిద్రే’ ప్రకటన గురించి ఒక అపోహ ఉంది. అది మనిషికి ఇచ్చిన మాటనూ తీసుకున్న అప్పునూ రద్దు చేయదు. దేవుడి ముందు తనకు తాను పెట్టుకున్న మొక్కుబడులకే వర్తిస్తుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు దీన్ని వక్రీకరించి యూదుల ప్రమాణాలను నమ్మకూడదని ప్రచారం చేశారు.

వాక్యధ్యానం:
చాలా ఉపయోగపడింది, అందరికీ వందనాలు. 1973 యుద్ధం కూడా ఇదే రోజున కదా?

కృష్ణాతీరం:
అవును బ్రదర్, అక్టోబర్ 6. ఈజిప్టు సూయెజ్ కాలువ మీదుగా, సిరియా గోలాన్ వైపు నుంచి ఒకేసారి దాడి చేశాయి. ఇజ్రాయెల్‌లో రేడియో ప్రసారాలు కూడా ఆగి ఉన్న రోజు. అయితే రోడ్లు ఖాళీగా ఉండడం, జనం ఇళ్లలోనూ సినగాగ్‌లలోనూ ఉండడం వల్ల రిజర్వు సైనికులను పిలిపించడం కొంత సులువైంది. ఇజ్రాయెల్ 2,500 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. ఒక్క బేత్ హషీటా కిబ్బుట్జ్ (సామూహిక వ్యవసాయ గ్రామం) నుంచే 11 మంది. అప్పటి నుంచి అక్కడ ఎందరికో ఇది ప్రాయశ్చిత్త దినమే కాదు, పోయినవాళ్లను తలచుకునే రోజు కూడా.

2026లో యోమ్ కిప్పూర్ సెప్టెంబర్ 20 సాయంత్రం మొదలై 21 రాత్రి ముగుస్తుంది.