‘డానీ డార్కో’ చివర్లో గ్రెచెన్ ఎందుకు చేయి ఊపింది?

(చూడనివారికి ముగింపు తెలిసిపోతుంది.)

రిచర్డ్ కెల్లీ తీసిన ఈ 2001 సినిమా 113 నిమిషాల కూర్పును రెండుసార్లు, 2004 నాటి 133 నిమిషాల కూర్పును ఒకసారి చూశాను. కుందేలు వేషంలోని ఫ్రాంక్ లోకాంతానికి చెప్పిన 28 రోజుల గడువు, కథానాయకుడు డానీ గది మీద పడిన విమానం ఇంజను, అంతవరకు లెక్క కుదిరింది. కాలం వెనక్కి మళ్లి డానీ పోయాక, అంతకుముందు అతని ప్రియురాలైన గ్రెచెన్ సైకిల్ మీద వస్తుంది. అతనెవరో తెలియదంటుంది. అయినా చెట్టు దగ్గర నిలబడ్డ అతని తల్లికి చేయి ఊపుతుంది, ఆమె కూడా ఊపుతుంది! అంతా డానీ భ్రమేనని మిత్రులు వాదిస్తున్నారు. భ్రమైతే అతను పోయాక ఆ పరిచయపు చూపు ఎక్కడిది? పెద్ద కూర్పులో తెరపై కనిపించే కాలయానం పుస్తకం పేజీల్లో కొన్నే చదవగలిగాను.

వాళ్లిద్దరికీ ఏదో గుర్తుందనడానికి సినిమాలో ఏ సన్నివేశం ఆధారం?